కంట్రీ పాట మిక్సింగ్: పల్లవిలో గొంతు వాద్యాల వెనక్కి పోతోంది, సలహా కావాలి

తీగలబండి:
నమస్కారం. నేను రాసిన ఆంగ్ల కంట్రీ పాట ఒకదాన్ని నాలుగు నెలలుగా ఇంటి గదిలోనే రికార్డు చేస్తూ వచ్చి, ఇప్పుడు మిక్సింగ్ దగ్గర, అంటే ట్రాకులన్నిటినీ తూకంగా కలిపే దశలో, ఆగిపోయాను. పాట జీ మేజర్‌లో, నిమిషానికి 104 బీట్ల వేగంతో సాగుతుంది. రెండు అకౌస్టిక్ గిటార్లు, టెలికాస్టర్ (ఎలక్ట్రిక్ గిటారు), పెడల్ స్టీల్ (పడుకోబెట్టి వాయిస్తూ, పెడళ్లతో స్వరాన్ని వంచే గిటారు), ఫిడిల్ (వయొలిన్), పియానో, బాస్, డ్రమ్స్, ప్రధాన గాత్రం, రెండు వంత గొంతులు, అన్నీ కలిపి 22 ట్రాకులు ఉన్నాయి. గాత్రం, అకౌస్టిక్ గిటార్లు, బాస్ నేనే రికార్డు చేశాను. స్టీల్, ఫిడిల్ వాయించినవారు తమ ఇళ్లలో రికార్డు చేసి ఫైళ్లు పంపారు.

చరణాల్లో మాట స్పష్టంగానే వినిపిస్తోంది. పల్లవి మొదలవగానే స్టీల్, ఫిడిల్, టెలికాస్టర్ మూడూ కమ్ముకుని గొంతును మింగేస్తున్నాయి. గొంతు ఫేడరు (స్థాయి మీట) పెంచితే మాట వినిపిస్తుంది కానీ, పాటతో సంబంధం లేకుండా పైనుంచి అతికించినట్టు ఉంటుంది. ఈక్యూలో (పౌనఃపున్యాలవారీగా ధ్వనిని పెంచే, తగ్గించే సాధనంలో) వాద్యాలను ఒక్కొక్కటిగా కోసి చూస్తే అన్నీ పలచబడ్డాయి, గొంతు మాత్రం ముందుకు రాలేదు. ఇంకొక సమస్య బాస్‌ది. జీ స్వరం ఉబ్బినట్టు వినిపిస్తుంది, దాని వెంటనే వచ్చే డీ దాదాపు మాయమవుతుంది. బాస్ తగ్గించి మిక్స్ ముగించి కారులో వింటే అసలు బాసే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

రాత్రిమిక్సు:
ముందుగా అన్ని ట్రాకులనూ మ్యూట్ చేసి, గొంతు, ఒక అకౌస్టిక్ గిటారు మాత్రం ఉంచి పాట మొత్తం వినండి. ఆ రెండింటితోనే కథ చెవికి చేరితే పునాది గట్టిగా ఉన్నట్టే. చేరకపోతే మిగిలిన 20 ట్రాకులూ దాన్ని నిలబెట్టలేవు. ఆ తరువాత బాస్, ఆపైన డ్రమ్స్, చివరగా రంగు వాద్యాలు ఒక్కొక్కటిగా తెరుస్తూ, ఏ వాద్యం తెరిచిన క్షణంలో మాట మసకబారిందో రాసుకోండి.

ఈక్యూ విషయంలో నా అలవాటు చెబుతాను. మాటను పట్టిచ్చే హల్లులు చాలావరకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. టెలికాస్టర్ బ్రిడ్జ్ పికప్, స్టీల్, ఫిడిల్ మూడింటి పదునూ అక్కడే ఉంటుంది. మూడింటినీ ఎప్పటికీ కోసి ఉంచే బదులు, గొంతు పలికినప్పుడు మాత్రమే ఆ భాగం 2 డెసిబెళ్లు తగ్గేలా డైనమిక్ ఈక్యూ పెట్టండి. గొంతు ఆగగానే వాద్యాల మెరుపు తిరిగి వస్తుంది.

స్టీలుతీగ:
రాత్రిమిక్సు గారి మొదటి సలహాతో పూర్తిగా ఏకీభవిస్తాను. రెండోది మాత్రం ఈ పాటకు అవసరం రాకూడదని నా అభిప్రాయం. నేను పెడల్ స్టీల్ వాయిస్తాను, కాబట్టి అటువైపు నుంచి చెబుతున్నాను.

కంట్రీ పాటలో గాయకుడు ఒక వాక్యం చెప్పి ఊపిరి తీసుకుంటాడు. ఆ ఖాళీలో ఒక వాద్యం బదులిస్తుంది. 1950ల చివర నుంచి, అమెరికాలో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో నిర్మాతలు ఓవెన్ బ్రాడ్లీ, చెట్ ఆట్కిన్స్ నడిపిన సెషన్లలో వాద్యకారులందరూ ఒకే గదిలో కూర్చుని ఒకరినొకరు వింటూ వాయించేవారు. ఎదుటివాడు పలుకుతున్నప్పుడు తాను ఆగడం అక్కడ వృత్తిధర్మం. ఇంటి స్టూడియోలో ఆ గది ఉండదు. ఫైలు పంపే వాద్యకారుడికి మిగతావారు ఏమి వాయించబోతున్నారో తెలియదు కనుక, ఖాళీ అంతా తనదే అనుకుని నింపుతాడు. ముగ్గురు అలా నింపితే మీరు చెబుతున్న పల్లవి తయారవుతుంది. దాన్ని ఈక్యూతో సర్దడమంటే ఒకేసారి మాట్లాడుతున్న ముగ్గురి గొంతులు మార్చడమే కానీ, వారిలో ఇద్దరిని ఆపడం కాదు.

మీ స్టీల్ ట్రాకును ఒంటరిగా వినండి. పల్లవిలో ఎన్ని క్షణాలు నిశ్శబ్దంగా ఉందో చెప్పండి.

తీగలబండి:
ఇప్పుడే విన్నాను. పల్లవిలో ఒక్క క్షణం కూడా ఆగలేదు. తప్పు నాదే, ఎందుకంటే ‘మొదటి నుంచి చివరి వరకు వాయించి పంపండి, కావలసింది నేను ఎంచుకుంటాను’ అని నేనే రాశాను. ఫిడిల్ వాయించినవారికీ అదే చెప్పాను. అయితే స్టీల్ వాయించినాయన ఎంతో బాగా వాయించారు, కోయడానికి చేతులు రావడం లేదు. పైగా స్టీల్ స్వరాలు ఒకదానిలోకి ఒకటి జారుతూ ఉంటాయి కదా, మధ్యలో కోస్తే తెగినట్టు వినిపించదా?

స్టీలుతీగ:
కోయమని అడిగే ముందు స్టీల్ స్వభావం కొంచెం చెప్పాలి. సాధారణంగా వాడే ఈ9 శ్రుతిలో పది తీగలు ఉంటాయి. అన్నిటికన్నా కింది తీగ బీ, అంటే దాదాపు 123 హెర్ట్జ్. ఏ, బీ పెడళ్లు రెండూ కలిపి తొక్కితే అదే చోట ఉన్న ఈ మేజర్ ఏ మేజర్‌గా మారుతుంది, అంటే ఒకటో కార్డు నుంచి నాలుగో కార్డుకు జారుతుంది. ఆ జారు వినిపించడానికే శ్రోత స్టీల్ కోసం ఎదురుచూస్తాడు. 1954లో విడుదలైన గాయకుడు వెబ్ పియర్స్ పాటలో స్టీల్ వాద్యకారుడు బడ్ ఐజాక్స్ తీగలు మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని వంచడం విన్న తరువాత చాలామంది స్టీల్ వాద్యకారులు తమ వాద్యాలకు పెడళ్లు బిగించుకోవడం మొదలుపెట్టారు. ఆ ఒక్క కదలిక అంత బలమైనది కనుక పల్లవిలో దాన్ని రెండు మూడు సార్లు వినిపిస్తే చాలు. ఆగకుండా వినిపిస్తే చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

కోసే పద్ధతి ఇది. స్టీల్ వాద్యకారుడి కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది. స్వరం మొదలు నెమ్మదిగా ఉబ్బుతుంది, చివర నెమ్మదిగా తగ్గుతుంది. మీరు కూడా కత్తెర వాడకుండా ఆ పాదాన్ని అనుకరించాలి. గాయకుడి వాక్యం చివరి మాట మీద స్టీల్ వాల్యూమ్ ఆటోమేషన్ గీతను (పాట నడిచేకొద్దీ స్థాయిని మార్చే గీతను) పైకి లేపి, తరువాతి వాక్యం మొదటి మాట వచ్చేసరికి సగం బీటు వ్యవధిలో కిందికి దించండి. అలా చేస్తే తెగినట్టు ఉండదు. ఆయనే ఆగినట్టు ఉంటుంది. ఇంకొక మాట, స్టీల్ మీద కంప్రెసర్ (ధ్వని ఎత్తుపల్లాలను తగ్గించే సాధనం) పెట్టి ఉంటే తీసేయండి. పాదం చేసిన పనినంతా అది చెరిపేస్తుంది.

చేతులు రాకపోవడం గురించి అడిగారు. పల్లవి పట్టికను కాగితం మీద రాసి, ఏ వాక్యం తరువాత ఏ వాద్యం బదులివ్వాలో గుర్తుపెట్టి, ఆయనకు మళ్లీ పంపి చూడండి. నా సంగతి చెప్పాలంటే, అలాంటి కాగితం వచ్చిన రోజు నాకు పండుగ. అందులో కార్డులను అంకెలతో రాస్తే మంచిది. ఈ అంకెల పద్ధతిని 1950ల చివర జోర్డనేర్స్ గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ వంత గొంతుల కోసం మొదలుపెట్టారు. చార్లీ మెకాయ్ వంటి సెషన్ వాద్యకారులు దాన్ని తమ పనికి తగ్గట్టు పెంచారు. జీ అయితే 1, సీ అయితే 4, డీ అయితే 5. గాయకుడు శ్రుతి మార్చినా కాగితం మారదు.

నిలువుబాసు:
బాస్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అది మిక్సింగ్ సమస్య కాదని నా అనుమానం. మీ గది పొడవు ఎంత? కుర్చీ ఎక్కడ ఉంది?

తీగలబండి:
గది పొడవు మూడున్నర మీటర్లు. బల్ల ఒక చివర ఉంది, కుర్చీ వెనుక భాగం ఎదుటి గోడకు దాదాపు తగులుతుంది. స్పీకర్ల నుంచి దూరంగా కూర్చుంటే మంచిదని అలా పెట్టాను.

నిలువుబాసు:
అయితే లెక్క సరిపోయింది. ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకు రెట్టింపైన 7తో భాగిస్తే 49 హెర్ట్జ్ వస్తుంది. ఆ పౌనఃపున్యం దగ్గర మీ గది తనంతట తాను మోగుతుంది. బాస్ గిటారులో నాలుగో తీగ మూడో మెట్టు మీద పలికే జీ కూడా సరిగ్గా 49 హెర్ట్జే. గది రెండో మోత 98 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అదీ జీ స్వరమే, ఒక స్థాయి పైది. డీ మాత్రం 73 హెర్ట్జ్ దగ్గర, ఆ రెండు మోతలకూ నడుమ పడుతుంది. కంట్రీలో బాస్ పని చాలా భాగం షడ్జ పంచమాల మధ్య నడకే కనుక, మీ పాటలో జీ, డీ ఒకదాని తరువాత ఒకటి వస్తూ ఉంటాయి. గది జీని పెంచుతోంది, డీకి ఏ సాయమూ చేయడం లేదు. పైగా గోడకు ఆనుకుని కూర్చున్నవారికి అన్ని మోతలూ గరిష్ఠ స్థాయిలో చేరతాయి. మీరు గదిని నమ్మి బాస్ తగ్గించారు. కారులో ఆ గది లేదు కనుక బాసూ లేదు.

నిర్ధారించుకోవడానికి బాస్ ట్రాకును ఒంటరిగా నడిపి, చెవితో కాకుండా మీటరుతో జీ, డీ స్వరాల స్థాయిలు చూడండి. రెండింటికీ తేడా ఒకటి రెండు డెసిబెళ్లకు మించకపోతే ట్రాకును ముట్టుకోకండి. కుర్చీని ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరానికి, అంటే సుమారు ఒక మీటరు 33 సెంటీమీటర్ల దగ్గరకు జరపండి, స్పీకర్లను ఆ మేరకు దగ్గరకు తెచ్చుకోండి. అది తొలి అంచనా మాత్రమే, అటూ ఇటూ పది సెంటీమీటర్లు జరిపి విని చూడాలి.

రాత్రిమిక్సు:
మూలల్లో నురుగు ముక్కలు అతికించడం కూడా మొదలుపెట్టవచ్చు కదా?

నిలువుబాసు:
49 హెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం పొడవు ఏడు మీటర్లు. నాలుగైదు సెంటీమీటర్ల నురుగు దాన్ని ఏమీ చేయలేదు, పైగా పైస్థాయి మెరుపును మాత్రమే పీల్చుకుని గదిని ఇంకా బొంగురుగా చేస్తుంది. పది పదిహేను సెంటీమీటర్ల మందం ఉన్న రాతి ఉన్ని పలకలను గోడకు కొంచెం ఎడంగా నిలబెడితే బాస్ పైభాగంలో ఉపయోగం ఉంటుంది. అత్యంత మంద్రానికి మాత్రం కుర్చీ స్థానం, మంచి హెడ్‌ఫోన్లు, మీటరు, ఈ మూడింటినే నమ్ముతాను.

చిన్న స్పీకర్లలో కూడా బాస్ నడక తెలియాలంటే మంద్రాన్ని పెంచడం దారి కాదు. పాత నాష్‌విల్ రికార్డింగుల్లో నిలువు బాస్‌తో పాటు ఆరు తీగల డానెలెక్ట్రో బాస్‌ను అరచేతితో అదిమి, పిక్‌తో మీటించి జోడించేవారు. దాన్ని టిక్-టాక్ బాస్ అంటారు. హెరాల్డ్ బ్రాడ్లీ అందులో ఆరితేరినవారు. నిలువు బాస్ గుండ్రదనాన్ని ఇస్తే, ఆ ‘టిక్’ స్వరం ఎక్కడ మొదలైందో చెబుతుంది. మీరు బాస్ ట్రాకుకు ఒక నకలు తీసి, 300 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేసి, కొంచెం శాచురేషన్ (ధ్వనికి గరుకుదనం తెచ్చే ఎఫెక్టు) ఇచ్చి, అసలు ట్రాకు కింద సన్నగా కలిపితే దాదాపు అదే పని జరుగుతుంది.

ఆరోమెట్టు:
ఈ చర్చలో అకౌస్టిక్ గిటార్ల ఊసు రాలేదు. రెండు అకౌస్టిక్ గిటార్లూ ఒకే చోట, ఒకే కార్డు ఆకారాలతో, ఒకే రకంగా మీటి ఉంటే, గొంతు కింది భాగాన్ని కప్పేవి అవే కావచ్చు. మైకు ఎక్కడ పెట్టారు?

తీగలబండి:
సౌండ్‌హోల్‌కు (గిటారు పెట్టె మీది రంధ్రానికి) ఎదురుగా, జానెడు దూరంలో పెట్టాను. రెండింటిలోనూ ఒకే ఆకారాలు, ఒకే స్ట్రమ్మింగ్.

ఆరోమెట్టు:
సౌండ్‌హోల్ నుంచి వచ్చేది గిటారు పెట్టెలోని గాలి మోత, అది 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉబ్బుతుంది. చిన్న డయాఫ్రమ్ కండెన్సర్ మైకును మెడ, పెట్టె కలిసే చోటికి దగ్గరగా, పన్నెండో మెట్టు వైపుకు తిప్పి, 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టి మళ్లీ రికార్డు చేయండి. ఈక్యూతో గంట గడిపే బదులు మైకును చేతి వెడల్పు జరపడమే మేలు.

రెండో గిటారుకు నాష్‌విల్ ట్యూనింగ్ పెట్టండి. కింది నాలుగు తీగలను తీసి, వాటి స్థానంలో ఒక స్థాయి పైన పలికే సన్నని తీగలను బిగిస్తారు. పన్నెండు తీగల గిటారు సెట్టులోని జంట తీగలు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. అప్పుడు ఆ గిటారులో మంద్రమే ఉండదు. మీటినప్పుడు షేకరు లాగా మెరుస్తుంది, గొంతుకు అడ్డురాదు. ఒకదాన్ని ఎడమకు, ఇంకొకదాన్ని కుడికి పంపితే నడుమ దారి గొంతుకు ఖాళీగా మిగులుతుంది.

అకౌస్టిక్ గిటారును స్వరవాద్యంగా కన్నా తాళవాద్యంగా చూడడం కంట్రీలో పాత సంగతే. 1956లో సన్ స్టూడియోలో గాయకుడు జానీ క్యాష్ గిటారు తీగల మధ్య కాగితం దూర్చి, డ్రమ్స్ లేకుండానే స్నేర్ డ్రమ్ లాంటి చప్పుడు తెప్పించారు. మీ పాటలో హైహ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) గట్టిగా ఉంటే దాన్ని సగానికి తగ్గించి, ఆ పనిని గిటారు చేతికి అప్పగించి చూడండి.

రాత్రిమిక్సు:
ఇప్పుడు గొంతు ‘అతికించినట్టు’ ఉండడం గురించి. అలా వినిపించడానికి నాకు తెలిసి రెండు కారణాలు ఉంటాయి. మాటల మధ్య ఎత్తుపల్లాలు ఎక్కువగా ఉండి, అణిగిన మాటల కోసం ఫేడరు మొత్తంగా పెంచవలసి రావడం ఒకటి. వాద్యాలు ఒక గదిలో, గొంతు వేరే గదిలో ఉన్నట్టు ఉండడం రెండోది. మొదటిదానికి కంప్రెసర్ కన్నా ముందు పని ఉంది. ట్రాకును వాక్యాలవారీగా విడదీసి, క్లిప్ గెయిన్‌తో (ముక్క ముక్కకు స్థాయి మార్చే సదుపాయంతో) ప్రతి వాక్యాన్నీ చేత్తో సమం చేయండి. తరువాత 1176 తరహా వేగమైన కంప్రెసర్ 4:1 నిష్పత్తిలో శిఖరాలను మాత్రం మూడు డెసిబెళ్లు అణచాలి, దాని వెనుక ఎల్‌ఏ-2ఏ తరహా నెమ్మదైనది ఇంకొక రెండు మూడు డెసిబెళ్లు సర్దాలి. ఒకే కంప్రెసర్‌తో ఎనిమిది డెసిబెళ్లు లాగితే గాయకుడి ఊపిరి కూడా మాటంత గట్టిగా వినిపిస్తుంది.

రెండోదానికి ప్లేట్ రివర్బ్ (ఉక్కు రేకుతో గది ప్రతిధ్వనిని అనుకరించే ఎఫెక్టు) వాడండి. అసలైన ఈఎంటీ 140 అనేది 1957లో వచ్చిన భారీ ఉక్కు రేకు యంత్రం, ఇప్పుడు దాని నకళ్లు ప్లగిన్లుగా దొరుకుతాయి. నిడివి ఒకటిన్నర సెకను, ముందు విరామం 30 మిల్లీసెకన్లు పెట్టండి. ఆ విరామం వల్ల మాట ముందుగా చేరి, గది వెనుక వస్తుంది. స్టీల్‌ను, ఫిడిల్‌ను, గొంతును అదే ప్లేట్‌కు వేర్వేరు పాళ్లలో పంపితే, వేర్వేరు ఇళ్లలో రికార్డు చేసినవారు ఒకే గదిలోకి వస్తారు. దానికి తోడు 100 మిల్లీసెకన్ల దగ్గర ఒక్కసారి మాత్రమే తిరిగివచ్చే స్లాప్‌బ్యాక్ ప్రతిధ్వనిని, ఆపితే తప్ప ఉందని తెలియనంత తక్కువగా కలపండి. పిచ్ కరెక్షన్ (శ్రుతిని సవరించే సాఫ్ట్‌వేర్) కూడా సన్నగా వేస్తే గొంతు నిలకడగా కూర్చుంటుంది.

స్టీలుతీగ:
చివరి వాక్యంతో విభేదిస్తున్నాను. కంట్రీ గాయకుడు స్వరాన్ని కింది నుంచి జారుతూ అందుకుంటాడు. అర్థం సగం ఆ జారులోనే ఉంటుంది. స్టీల్, ఫిడిల్ అనుకరించేది కూడా దాన్నే. సాఫ్ట్‌వేర్ ఆ జారును తప్పుగా లెక్కగట్టి చదును చేస్తే, వాద్యాలు జారుతూ, గొంతు మాత్రం మెట్లెక్కుతూ వినిపిస్తుంది. ఆ అతికించిన లక్షణం దానివల్ల పెరుగుతుందే కానీ తగ్గదు.

రాత్రిమిక్సు:
మీరు చెప్పిన ప్రమాదం నిజమే. నేను ఉద్దేశించింది ట్రాకు మొత్తానికి వేయడం కాదు, నిలిపి పాడిన స్వరాల్లో తప్పినవి ఒకటి రెండు ఉంటే వాటిని చేత్తో సరిచేయడం. వంత గొంతుల విషయంలో మాత్రం నేను ఇంకొంచెం గట్టిగానే ఉంటాను. ప్రధాన గొంతుకు మూడో స్వరం మీద పాడే వంతకు శ్రుతి, నిడివి రెండూ కచ్చితంగా కలవాలి. వంత గొంతుల్లో మాట చివర వచ్చే ‘స్’, ‘ట్’ శబ్దాలను ఫేడ్ చేసి తీసేయండి, ప్రధాన గొంతులో ఉన్నవి చాలు. మూడు గొంతుల ‘స్’లు మూడు వేర్వేరు క్షణాల్లో పడడం కూడా పల్లవి మసకబారడానికి ఒక కారణమే.

తీగలబండి:
రెండు వారాల తరువాత తిరిగి వచ్చాను. ఏమేమి జరిగిందో వరుసగా రాస్తాను, ఇలాగే చిక్కుకున్నవారికి పనికివస్తుందని.

మీటరు చూస్తే జీ, డీ స్వరాల మధ్య తేడా ఒక డెసిబెల్ కూడా లేదు. కుర్చీ జరిపిన తరువాత డీ మొదటిసారి నా గదిలో వినిపించింది. బాస్ మీద పెట్టిన ఈక్యూలన్నీ తీసేశాను. అకౌస్టిక్ గిటార్లు రెండూ పన్నెండో మెట్టు దగ్గర మైకు పెట్టి మళ్లీ వాయించాను, రెండోది నాష్‌విల్ ట్యూనింగ్‌లో. పియానోను పల్లవిలో పూర్తిగా ఆపేశాను.

స్టీల్ వాద్యకారుడికి అంకెల పట్టిక పంపి, పల్లవిలో మొదటి వాక్యం తరువాత టెలికాస్టర్, రెండు, నాలుగు వాక్యాల తరువాత స్టీల్ అని గుర్తుపెట్టాను. ఆయన మరునాడే కొత్త ట్రాకు పంపారు. నాలుగో వాక్యం చివర 4 నుంచి 1కి దిగివచ్చే జారు ఒకటి వాయించారు. పాత ట్రాకులో అలాంటిది ఎక్కడా లేదు. గొంతు ఫేడరును నేను ముట్టుకోలేదు, అయినా మాట ముందుకొచ్చింది. డైనమిక్ ఈక్యూ ఒక్క టెలికాస్టర్ మీద మాత్రం మిగిలింది.

తేలనిది ఫిడిల్. మూడో వాక్యం తరువాత దానికి చోటిచ్చాను కానీ, రెండు తీగలు కలిపి వాయించిన భాగాలు అక్కడ ఇరుకుగా ఉన్నాయి. అలాగే పూర్తయిన పాట (మాస్టర్) స్థాయి ఎంత ఉంచాలి?

స్టీలుతీగ:
మొదటి రెండు పల్లవుల్లో ఫిడిల్‌ను పూర్తిగా ఆపి, ఆ మూడో ఖాళీని ఖాళీగానే ఉంచండి. జంట తీగల భాగాలను చివరి పల్లవికి దాచండి. అంతవరకు వినిపించని వాద్యం కనుక అది వచ్చినప్పుడు ఇంకేమీ పెంచనవసరం ఉండదు. దాని కింది స్వరం 196 హెర్ట్జ్ కాబట్టి 150 కింద ఉన్నదంతా కోసేసినా నష్టం లేదు.

రాత్రిమిక్సు:
స్పాటిఫై వంటి వేదికలు మామూలుగా −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరకు స్థాయిని సర్దుతాయి కనుక అంతకు మించి నొక్కి లాభం లేదు. ట్రూ పీక్ (ధ్వని అసలు శిఖరం) −1 డెసిబెల్ దాటనివ్వకండి. లిమిటర్ (శిఖరాలను హద్దు దాటనివ్వని సాధనం) రెండు డెసిబెళ్ల కన్నా ఎక్కువ పనిచేస్తుంటే స్నేర్ బ్రష్‌ల మెత్తదనం ముందుగా పోతుంది, ఒకసారి అక్కడే విని చూసుకోండి.

తీగలబండి:
చివరి పల్లవికి ఫిడిల్‌ను దాచి, ఇప్పుడే కారులో విని వచ్చాను. బాస్ ఉంది. మూడో వాక్యం తరువాతి ఖాళీలో నాష్‌విల్ ట్యూనింగ్ గిటారు ఒక్కటే వినిపిస్తోంది, దాన్ని అలాగే ఉంచేస్తున్నాను.